పాట రికార్డ్ చేస్తుంటే మధ్యలో తెగుతోందా? కారణం పట్టుకుని సరిచేసే క్రమం

"బఫర్ పెంచు, అదే పోతుంది" అని అందరూ చెబుతారు. కొన్నిసార్లు నిజంగానే పోతుంది. కొన్నిసార్లు ఇరవై నిమిషాలకు తిరిగొస్తుంది, అదీ చరణం మధ్యలో. చెన్నైలో ఇంటి గదినే స్టూడియో చేసుకుని కీర్తనలు, కవర్ పాటలు, డబ్బింగ్ నమూనాలు రికార్డ్ చేసుకునే తెలుగువాళ్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న కాబట్టి మొదటి నుంచీ వరుసగా రాస్తున్నాం.

కంప్యూటర్ శబ్దాన్ని ధారగా పంపదు. వరుసలో నిలబడి బిందెలు చేతులు మార్చినట్టు ముక్కలుగా అందిస్తుంది. బఫర్ అంటే ఆ బిందె సైజు, దాన్ని శాంపిల్స్‌లో (శబ్దంలో ఒక్కో కొలత ఒక శాంపిల్) లెక్కిస్తారు. ఒక్క బిందె సమయానికి అందకపోయినా అక్కడ టిక్‌మంటుంది, లేదా పాట నత్తి కొడుతుంది. కాబట్టి ఆలస్యం ఎవరిదో పట్టుకోవాలి. బఫర్ పెంచడం వల్ల గడువు పెరుగుతుంది కానీ ఆలస్యం చేసేవాడు అక్కడే ఉంటాడు.

పని మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

- ఆడియో ఇంటర్‌ఫేస్‌తో (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) వచ్చిన కేబుల్, దానికి తోడు ఇంకొక మంచి డేటా కేబుల్
- రెండు వైపులా పావు అంగుళం జాక్ ఉన్న పొట్టి కేబుల్
- వైరున్న హెడ్‌ఫోన్ (బ్లూటూత్ పనికిరాదు)
- కాగితం, పెన్ను, రెండు గంటల ఖాళీ

### 1. ముందు వినండి: పాడైంది ఫైలా, హెడ్‌ఫోన్‌లో వినిపించేదేనా?

దీన్ని వదిలేసి సెట్టింగులు మార్చేవాళ్లే ఎక్కువ. పాడుతున్నప్పుడు టిక్ వినిపించిందనుకోండి. రికార్డింగ్ ఆపి, అదే చోట మూడు సార్లు ప్లే చేయండి.

మూడు సార్లూ అదే క్షణంలో వినిపిస్తే ఫైల్‌లోనే పడింది. ఒక్కోసారి ఒక్కోచోట వినిపిస్తే ఫైల్ బాగానే ఉంది, ప్లేబ్యాక్ మాత్రమే తడబడుతోంది. రెండోదైతే టేక్‌ను చెరపకండి. బఫర్ 1024 పెట్టి మళ్లీ వినండి, శుభ్రంగా ఉంటుంది.

తర్వాత శబ్దం స్వభావం చూడండి. అన్నీ డ్రాపౌట్లు (బఫర్ సమయానికి అందక తెగడం) కావు:

- పాట గట్టిగా ఉన్నచోటే బరబరలాడితే గెయిన్ (మైక్ ఇన్‌పుట్ స్థాయి) ఎక్కువైంది. పీక్ మైనస్ 10 డెసిబెల్స్ దగ్గరకు తగ్గించండి.
- కేబుల్ కదిపితే చిటపటలాడితే జాక్ తప్పు. బెసంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రం పక్క ఇళ్లలో ఉప్పుగాలికి జాక్‌లు త్వరగా తుప్పుపడతాయి. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో తుడిచి చూడండి.
- గుయ్‌మని ఆగకుండా మోగుతూ, చార్జర్ పీకగానే పోతే అది ఎర్తింగ్ గొడవ. ఈ వ్యాసంలోని ఏ సెట్టింగూ దాన్ని తగ్గించదు.
- సరిగ్గా సమానమైన విరామాల్లో టిక్‌మంటే క్లాక్‌ను (శాంపిల్స్‌కు వేగం నిర్ణయించే లోపలి గడియారం) అనుమానించండి. 4వ అంకె ఉన్న భాగం చూడండి.
- ఎప్పుడు పడితే అప్పుడు, లెక్కాపత్రం లేకుండా తెగితే కంప్యూటర్ ఆలస్యం.
- మొదటి ఇరవై నిమిషాలు బాగుండి తర్వాత మొదలైతే వేడి. 6వ అంకె.

### 2. పది నిమిషాల పరీక్ష తయారు చేసుకోండి

గొంతుతో పరీక్షిస్తే చిన్న టిక్‌లు అక్షరాల్లో కలిసిపోతాయి. నిలకడైన స్వరంతో చేస్తే ఒక్కటీ దాక్కోలేదు.

1. కొత్త ప్రాజెక్ట్ తెరవండి. 48000 హెర్ట్జ్, 24 బిట్. ప్లగిన్ (రివర్బ్, ఈక్యూ లాంటి ఎఫెక్ట్) ఒక్కటి కూడా వద్దు.
2. స్పీకర్లు ఆపండి, హెడ్‌ఫోన్ చెవుల మీంచి తీసేయండి. ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ మైక్‌కు పంపే కరెంటు), డైరెక్ట్ మానిటర్ (గొంతును ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా వినిపించే స్విచ్) రెండూ ఆఫ్. రికార్డ్ చేసే ట్రాక్‌లో మానిటరింగ్ కూడా ఆఫ్ చేయాలి. లేకపోతే శబ్దం గుండ్రంగా తిరిగి కూత పెడుతుంది.
3. పొట్టి కేబుల్‌తో ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలపండి. ఇన్‌పుట్‌ను లైన్ స్థానంలో పెట్టండి.
4. ఆడాసిటీ (ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) జనరేట్ మెనూలో 1000 హెర్ట్జ్ టోన్, ఆంప్లిట్యూడ్ 0.25, పది నిమిషాలు తయారు చేయండి. దాన్ని ఒక ట్రాక్‌లో ప్లే చేస్తూ ఇంకో ట్రాక్‌లో రికార్డ్ చేయండి.
5. రికార్డయిన ఫైల్‌ను ఆడాసిటీలో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ వ్యూకి మార్చండి. టోన్ అడ్డగీతలా కనిపిస్తుంది. తెగిన ప్రతిచోటా పైనుంచి కిందిదాకా నిలువు గీత ఉంటుంది. ఎన్ని ఉన్నాయో, ఏ నిమిషంలో పడ్డాయో రాసుకోండి.

ఇకపై ప్రతి మార్పు తర్వాతా ఇదే పరీక్ష. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఐదు మార్పులు ఒకేసారి చేసి బాగుపడితే, ఏది పనిచేసిందో తెలియదు. రేపు మళ్లీ వస్తే మళ్లీ ఐదూ చేయాలి.

ఖాళీ ప్రాజెక్ట్‌లో ఒక్క గీత కూడా లేకుండా, మీ అసలు పాటలో మాత్రమే తెగుతుంటే నేరుగా 9వ అంకెకు వెళ్లండి.

### 3. డ్రైవర్, బఫర్

విండోస్‌లో ముందుగా చూడాల్సింది డ్రైవర్. ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చే ఏసియో (శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో నడిపే పద్ధతి) డ్రైవర్ ఉంటే అదే వేయండి. ఏసియో ఫర్ ఆల్ అనేది విండోస్ సొంత డ్రైవర్ మీద వేసిన తొడుగు మాత్రమే. సొంత డ్రైవర్ లేని పరికరాలకు అది అక్కరకొస్తుంది, ఉన్నవాటికి వాడితే నష్టమే. రీపర్, క్యూబేస్ లాంటి మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో డివైస్ పేజీ తెరిచి ఏ పేరు ఎంచుకుని ఉందో చూడండి. ల్యాప్‌టాప్ సౌండ్ కార్డ్ పేరు ఉంటే అక్కడే దొరికిపోయింది.

బఫర్ లెక్క తేలిక: శాంపిల్స్‌ను శాంపిల్ రేటుతో (సెకనుకు ఎన్ని శాంపిల్స్) భాగించండి. 48000 హెర్ట్జ్ దగ్గర గడువు ఇలా ఉంటుంది:

- 64 శాంపిల్స్: 1.3 మిల్లీసెకన్లు
- 128: 2.7
- 256: 5.3
- 512: 10.7
- 1024: 21.3

వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. కన్వర్టర్ల ఆలస్యం అదనం. 256 పెడితే మొత్తం 12, 13 మిల్లీసెకన్లు అవుతుంది. గాలిలో శబ్దం మీటరు దూరం దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి, అది నాలుగు మీటర్ల అవతల కూర్చున్నవాళ్ల వాయిద్యం విన్నట్టు ఉంటుంది. మృదంగం వాయించేవాళ్లు దాన్ని వెంటనే పట్టేస్తారు.

ఏ పనికి ఎంత పెట్టాలి?

- డైరెక్ట్ మానిటర్ పెట్టుకుని పాడుతుంటే 512. అవసరమైతే 1024 కూడా పరవాలేదు.
- మీ గొంతును సాఫ్ట్‌వేర్ గుండా వింటూ పాడితే 128.
- కీబోర్డ్‌తో సాఫ్ట్‌వేర్ వాయిద్యం వాయిస్తే 128, మెషీన్ తట్టుకుంటే 64.
- మిక్సింగ్‌కు 1024.

డైరెక్ట్ మానిటర్ ఆన్ చేసి ఉండగా 64 పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లకుండానే చెవికి చేరుతున్నప్పుడు 64 వల్ల ఒరిగేది ఏమీ లేదు. మెషీన్‌కు ఊపిరాడకుండా చేయడం తప్ప.

### 4. శాంపిల్ రేట్, క్లాక్

మూడు చోట్ల ఒకే అంకె ఉండాలి: ఇంటర్‌ఫేస్ కంట్రోల్ ప్యానెల్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్, విండోస్ సౌండ్ సెట్టింగ్స్. ప్రాజెక్ట్ 44100లో ఉండగా బ్రౌజర్‌లో ఏదో వీడియో తెరిస్తే కొన్ని పరికరాలు 48000కి దూకుతాయి. పాట శ్రుతి మారినట్టు వినిపించడానికి, టిక్‌లు పడడానికి అది చాలు. రికార్డింగ్ సమయంలో బ్రౌజర్ మూసేయండి.

ఇంకా మొండి రోగం రెండు పరికరాలది. యూఎస్‌బీ మైక్ ఒకటి, హెడ్‌ఫోన్ పెట్టిన ల్యాప్‌టాప్ సౌండ్ కార్డ్ ఇంకొకటి. రెండింటికీ 48000 అనే రాసి ఉన్నా రెండు గడియారాలు ఒక్కలా నడవవు. పదిలక్షకు 20 వంతుల తేడా ఉందనుకోండి. సెకనుకు దాదాపు ఒక శాంపిల్ చొప్పున, పది నిమిషాలకు 576 శాంపిల్స్, అంటే 12 మిల్లీసెకన్లు పక్కకు జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ తేడాను ఎక్కడో ఒకచోట సర్దాలి. సర్దిన ప్రతిసారీ టిక్.

మందు ఒక్కటే: హెడ్‌ఫోన్‌ను కూడా ఆ మైక్‌కో ఇంటర్‌ఫేస్‌కో పెట్టడం. మాక్‌లో రెండింటినీ కలిపి అగ్రిగేట్ డివైస్ చేస్తే, క్లాక్ కాని పరికరానికి డ్రిఫ్ట్ కరెక్షన్ టిక్ పెట్టాలి.

ఆప్టికల్ కేబుల్‌తో అదనపు ప్రీయాంప్ కలిపి ఉంటే ఒకటి ఇంటర్నల్ క్లాక్‌లో, రెండోది ఎక్స్‌టర్నల్‌లో ఉండాలి. రెండూ ఇంటర్నల్‌లో ఉంటే టిక్‌లు గ్యారంటీ.

### 5. యూఎస్‌బీ పోర్ట్, కేబుల్

- డెస్క్‌టాప్‌లో వెనకవైపు, మదర్‌బోర్డ్ మీద ఉన్న పోర్ట్ వాడండి. ముందువైపు పోర్ట్‌కు లోపల ఇంకో వైరు ఉంటుంది.
- హబ్ వద్దు. ల్యాప్‌టాప్‌కు పోర్ట్‌లు చాలకపోతే మౌస్, పెన్‌డ్రైవ్ హబ్‌లోకి పంపి ఇంటర్‌ఫేస్‌ను నేరుగా పెట్టండి.
- ఎక్స్‌టర్నల్ డిస్క్, వెబ్‌క్యామ్ ఇంటర్‌ఫేస్ పక్కనుంచి తీసి అవతలి వైపు పెట్టి చూడండి.
- కేబుల్ మార్చి చూడండి. రిచీ స్ట్రీట్‌లో (చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు) కొనేటప్పుడు చార్జింగ్ కేబుల్ కాదు, డేటా కేబుల్ అని స్పష్టంగా అడగండి. చదరపు మూతి ఉన్న ఇంటర్‌ఫేస్ అయితే ప్రింటర్ కేబుల్ అంటే ఇచ్చేస్తారు. ఒకటిన్నర మీటర్లు చాలు, ఐదు మీటర్లు దాటకూడదు.

### 6. కరెంటు, వేడి: చెన్నైలో సగం సమస్యలు ఇక్కడే

కరెంటు. ల్యాప్‌టాప్ చార్జర్ మీద ఉన్నప్పుడు ఒక పవర్ మోడ్, బ్యాటరీ మీద ఇంకొకటి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ ఒక్క క్షణంలో మెషీన్ బ్యాటరీకి మారుతుంది, సీపీయూ వేగం తగ్గుతుంది, పాట తెగుతుంది. మీకు లైటు ఒకసారి మిణుకుమన్నట్టు మాత్రమే అనిపిస్తుంది.

1. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ, పవర్ మోడ్ వరుసలో వెళ్లి బెస్ట్ పెర్ఫార్మెన్స్ పెట్టండి. చార్జర్ మీద ఒకసారి, పీకి బ్యాటరీ మీద ఒకసారి, రెండుసార్లూ చూడండి.
2. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను డిజేబుల్ చేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇది కనిపించదు.
3. డివైస్ మేనేజర్‌లో ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కు వెళ్లి, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే అర్థం వచ్చే టిక్ తీసేయండి.
4. బ్యాటరీ సేవర్ (కొత్త వెర్షన్లలో ఎనర్జీ సేవర్) ఆటోమేటిక్‌గా రాకుండా చేయండి.

సొంత అడాప్టర్‌తో నడిచే ఇంటర్‌ఫేస్ అయితే అది యూపీఎస్ మీదే ఉండాలి. ల్యాప్‌టాప్ బతికున్నా ఇంటర్‌ఫేస్ ఆరిపోతే టేక్ పోయినట్టే.

వేడి. మే నెలలో బయట 40 డిగ్రీలు. మైక్‌లో పడుతుందని ఫ్యాన్ ఆపేస్తాం, ఏసీ ఆపేస్తాం, కిటికీలు మూసేస్తాం. గదిలో మనం ఉడుకుతాం, మనకంటే ముందు ల్యాప్‌టాప్ ఉడుకుతుంది. కాలిపోకుండా ఉండడానికి అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటిదాకా సరిపోయిన 128 బఫర్ ఇక సరిపోదు.

రుజువు కావాలంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి సీపీయూ స్పీడ్ గమనించండి. బేస్ స్పీడ్ 2.4 గిగాహెర్ట్జ్ అని రాసి ఉండి, రికార్డింగ్ నడుస్తుండగా అది 1.2కి జారితే సందేహం అక్కర్లేదు.

చేయాల్సినవి:

- మొదలుపెట్టడానికి అరగంట ముందు నుంచే ఏసీ వేసి గదిని చల్లబరచండి. టేక్ నడిచినంతసేపే ఆపండి. టేక్‌కు టేక్‌కు మధ్య మళ్లీ వేయండి.
- ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, దిండు మీద పెట్టొద్దు. వెనక భాగం కింద రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి. రెండు చెక్కముక్కలు చాలు.
- ఏడాదికోసారి లోపలి దుమ్ము తీయించండి.
- పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెడితే చాలా మెషీన్లలో టర్బో ఆగిపోతుంది. వేగం కాస్త తగ్గినా నిలకడగా ఉంటుంది. రికార్డింగ్‌కు కావాల్సింది నిలకడే.
- అన్నిటికంటే మంచి ఉపాయం: ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ రెండూ హాల్లో ఫ్యాన్ కింద పెట్టి, పది మీటర్ల మైక్ కేబుల్‌ను తలుపు సందులోంచి గదిలోకి తేవడం. ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ కేబుల్‌కు ఆ దూరం లెక్కే కాదు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరు కూడా మైక్‌కు తగలదు.

### 7. లేటెన్సీమాన్‌తో దొంగను పట్టడం

ఇది విండోస్‌కు మాత్రమే. ఏదో ఒక డ్రైవర్ ప్రాసెసర్‌ను పట్టుకుని వదలకపోతే, మీ సీపీయూ మీటర్ 15 శాతమే చూపిస్తున్నా పాట తెగుతుంది. టాస్క్ మేనేజర్‌లో అది కనిపించదు. లేటెన్సీమాన్ అనే టూల్‌లో కనిపిస్తుంది.

వేసి, స్టార్ట్ నొక్కి, పది పదిహేను నిమిషాలు నడవనివ్వండి. తర్వాత డ్రైవర్స్ ట్యాబ్‌లో హైయెస్ట్ ఎగ్జిక్యూషన్ వరుస మీద నొక్కితే ఎక్కువ సేపు పట్టుకున్నవి పైకొస్తాయి. 128 బఫర్ గడువు దాదాపు 2670 మైక్రోసెకన్లు. అందులో ఒక డ్రైవరే 2000 తినేస్తే మీ పాటకు మిగిలేది 670.

పైన కనిపించే పేరును బట్టి:

- ఎన్‌డీఐఎస్, టీసీపీఐపీ: నెట్‌వర్క్. దాదాపు ఎప్పుడూ వైఫైనే. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్‌ను డిజేబుల్ చేసి మళ్లీ పరీక్షించండి. నయమైతే ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లోని కొత్త వైఫై డ్రైవర్ వేయండి. అయినా పోకపోతే రికార్డింగ్ రోజున వైఫై ఆపడమే.
- ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం: ఎన్‌విడియా గ్రాఫిక్స్. స్టూడియో డ్రైవర్ వేసి, పవర్ మేనేజ్‌మెంట్‌ను మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి.
- ఏసీపీఐ: ల్యాప్‌టాప్ పవర్ నిర్వహణ. ముందు బయాస్ అప్‌డేట్ చేయండి. అప్పటికీ ఉంటే డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద ఉన్న కంట్రోల్ మెథడ్ బ్యాటరీని తాత్కాలికంగా డిజేబుల్ చేసి చూడండి. ఇది చేస్తే బ్యాటరీ శాతం కనిపించదు, అయిపోతోందన్న హెచ్చరికా రాదు. పని కాగానే తిరిగి ఎనేబుల్ చేయండి.
- స్టోర్‌పోర్ట్: డిస్క్ డ్రైవర్. కింది అంకె చూడండి.

బ్లూటూత్‌ను కూడా ఆపి ఒకసారి పరీక్షించండి. తంబూరా యాప్‌ను ల్యాప్‌టాప్‌లో నడపొద్దు. ఫోన్‌లో పెట్టండి, ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి.

### 8. డిస్క్

డిస్క్‌ను అనవసరంగా అనుమానిస్తారు. 24 బిట్, 48000 దగ్గర ఒక మోనో ట్రాక్ సెకనుకు 144 కిలోబైట్లు. గంటకు 520 మెగాబైట్ల లోపే. ఎనిమిది ట్రాక్‌లైనా సెకనుకు 1.2 మెగాబైట్లు దాటదు. పాత హార్డ్ డిస్క్‌కు కూడా అది బరువు కాదు.

మూడు సందర్భాల్లో మాత్రం ఇబ్బందే: ప్రాజెక్ట్ పెన్‌డ్రైవ్‌లోనో మెమరీ కార్డ్‌లోనో ఉన్నప్పుడు, వన్‌డ్రైవ్ లాంటి సింక్ ఫోల్డర్‌లో ఉన్నప్పుడు, డిస్క్ దాదాపు నిండిపోయినప్పుడు. సింక్‌ను ఆపి, ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను యాంటీవైరస్ ఎక్స్‌క్లూజన్ జాబితాలో చేర్చండి.

### 9. ప్రాజెక్ట్ బరువు

ఖాళీ ప్రాజెక్ట్ శుభ్రంగా ఉండి అసలు పాట తెగుతుంటే తప్పు ప్లగిన్లది. మొత్తం సీపీయూ ఎంత అన్నది కాదు ప్రశ్న. ఒకే ట్రాక్‌లో వరుసగా ఉన్న ప్లగిన్లు ఒకదాని తర్వాత ఒకటే నడవాలి, అంటే ఒకే కోర్ మీద. ఎనిమిది కోర్లున్నా మాస్టర్ ట్రాక్‌లో తగిలించిన ఆరు ప్లగిన్లను పంచుకోలేవు.

- మాస్టర్ ట్రాక్ ప్లగిన్లన్నీ రికార్డింగ్‌లో బైపాస్. లీనియర్ ఫేజ్ ఈక్యూ, లుక్‌అహెడ్ లిమిటర్, కన్వల్యూషన్ రివర్బ్ ముందుగా.
- పూర్తయిన వాయిద్యాల ట్రాక్‌లను ఫ్రీజ్ చేయండి (ప్లగిన్ల ఫలితాన్ని తాత్కాలికంగా ఆడియోగా మార్చి ఉంచడం).
- ఇంకా బరువనిపిస్తే నేపథ్యమంతా ఒక స్టీరియో ఫైల్‌గా బౌన్స్ చేసి, కొత్త ప్రాజెక్ట్‌లో ఆ ఒక్క ఫైల్ మీదే పాడండి. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఇంతకంటే ఖర్చులేని మార్గం లేదు.
- గాయకులకు రివర్బ్ లేకపోతే మూడ్ రాదంటారు. తేలికైన అల్గారిథమిక్ రివర్బ్ ఒకటి సెండ్‌లో ఇవ్వండి.

96000లో రికార్డ్ చేస్తుంటే 48000కి దిగండి. అదే బఫర్‌కు గడువు రెట్టింపవుతుంది, ప్లగిన్ల పని సగమవుతుంది.

### 10. మాక్ వాడేవాళ్లకు

ఏసియో గొడవ లేదు, కోర్ ఆడియోనే అన్నీ చూసుకుంటుంది. లో పవర్ మోడ్ ఆఫ్, టైమ్ మెషీన్ ఆఫ్, ఐక్లౌడ్ డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో ప్రాజెక్ట్ ఉంటే బయటికి. ఎం1 నుంచి వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లలో ఫ్యాన్ ఉండదు కాబట్టి 6వ అంకెలోని వేడి జాగ్రత్తలు వాటికీ వర్తిస్తాయి. లాజిక్‌లో రికార్డ్ చేసేటప్పుడు లో లేటెన్సీ మోడ్ నొక్కండి.

### 11. రికార్డింగ్ రోజు చెక్‌లిస్ట్

- మెషీన్ రీస్టార్ట్, విండోస్ అప్‌డేట్ పాజ్
- వైఫై, బ్లూటూత్, సింక్, బ్రౌజర్ ఆఫ్
- చార్జర్ పెట్టి ఉంది, బ్యాటరీ 80 శాతం పైన
- శాంపిల్ రేట్ మూడు చోట్లా ఒకటే
- పనికి తగ్గ బఫర్
- గది చల్లగా, ల్యాప్‌టాప్ వెనక ఎత్తు
- రెండు నిమిషాల ట్రయల్ టేక్, స్పెక్ట్రోగ్రామ్‌లో ఒక చూపు
- ఇంకో ఫోన్‌లోనో చేతి రికార్డర్‌లోనో సమాంతరంగా ఒక కాపీ

### 12. టేక్ అప్పటికే పాడైతే

టిక్ మాత్రమే ఉండి సమయం పోకపోతే బాగుచేయొచ్చు. ఆడాసిటీలో ఆ చోటును బాగా జూమ్ చేసి, 128 శాంపిల్స్ మించకుండా సెలెక్ట్ చేసి, రిపేర్ ఎఫెక్ట్ వేయండి. 48000 దగ్గర అది 2.7 మిల్లీసెకన్లు. చిన్న టిక్‌లకు సరిపోతుంది.

శాంపిల్స్ మాయమైతే కథ వేరు. 256 శాంపిల్స్ బఫర్లు పది పోతే తర్వాతి పాటంతా 53 మిల్లీసెకన్లు ముందుగా, అంటే ఎడమవైపుకు జరుగుతుంది. ఆదితాళం ఎత్తుగడ అక్కడి నుంచి తప్పుతుంది. తెగిన చోటుకు దగ్గర్లో ఊపిరి తీసుకున్న ఖాళీ చూసి, అక్కడ కోసి, తర్వాతి భాగాన్ని మెట్రోనోమ్‌కు సరిపోయేదాకా కుడివైపు జరపండి. పల్లవి, చరణం అయితే ఆ పంక్తి మొదటి నుంచి పంచ్ ఇన్ చేసి (ఆ ముక్క మీదే మళ్లీ రికార్డ్ చేసి) మళ్లీ పాడించడం మేలు.

ఆలాపనకు ఈ రెండూ కుదరవు. తాళం లేదు, అదే సంగతి మళ్లీ అదే తూకంలో రాదు. అక్కడ సమాంతరంగా తీసిన కాపీలోంచి ఆ ముక్క తెచ్చి అతకండి. రెండు గడియారాల తేడా వల్ల పొడవైన ముక్క జరిగిపోతుంది కాబట్టి ఐదారు సెకన్లకు మించి తేవద్దు. మైక్ వేరు కాబట్టి నాదం కొద్దిగా మారుతుంది. అతుకు రెండు వైపులా 20 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా ఇంకొకటి పెరగడం) పెట్టి, ఈక్యూతో దగ్గరకు తేవాలి.